కట్టే చేతులు, కోసే కత్తెరలు

పెనిసిలిన్ ఎలా చంపుతుందో తెలియాలంటే, బాక్టీరియా తన గోడను ఎలా కట్టుకొంటుందో ముందు తెలియాలి. కట్టడమంటే సగం పని కోయడమేనని తేలడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది.

1941 ఫిబ్రవరి 12వ తేదీన ఆక్స్‌ఫర్డ్ నగరంలోని రాడ్‌క్లిఫ్ ఆసుపత్రిలో, మృత్యుముఖంలో ఉన్న ఒక పోలీసు కానిస్టేబుల్ నరంలోకి వైద్యులు కొత్త మందు ఎక్కించారు. ఆయన పేరు ఆల్బర్ట్ అలెగ్జాండర్, వయస్సు 43 సంవత్సరాలు. ముఖం మీద తగిలిన చిన్న గాయం చీముపట్టి తలమీదికీ, కళ్ళలోకీ, చివరకు ఊపిరితిత్తులలోకీ పాకింది. ఒక కన్ను అప్పటికే తీసివేయవలసి వచ్చింది. ఆ గాయం గులాబీ ముల్లు గీచుకొని అయిందని చాలా పుస్తకాలలో కనిపిస్తుంది. కాదు, బాంబుదాడిలో తగిలిన దెబ్బ అని కుటుంబంవారు తరువాతి కాలంలో చెప్పారు. ఏదైనా, ఆ రోజులలో అటువంటి రోగి బ్రతికి బయటపడడం అరుదు.

ఒక రోజు గడిచేసరికి జ్వరం తగ్గుముఖం పట్టింది. ఆకలి వేసింది. చీము తగ్గసాగింది. అయితే ప్రపంచంలో ఉన్న పెనిసిలిన్ అంతా ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బూజునుంచి గ్రాములలెక్కన తీసినదే. రోగి మూత్రాన్ని సేకరించి, అందులోకి వచ్చేసిన మందును తిరిగి వేరుచేసి, మళ్ళీ ఆయనకే ఎక్కించారు. అయిదు రోజులలో అదీ అయిపోయింది. కొద్దిరోజులు నిలకడగా ఉన్న జబ్బు తిరగబెట్టింది. మార్చి 15న అలెగ్జాండర్ మరణించాడు.

మందు చాలక ఒక మనిషి చనిపోయిన కథగా దీనిని చెప్పుకొంటారు. అది నిజమే. కాని ఆ మంచం చుట్టూ నిలబడిన విద్వాంసులకు మందు కొరత కాక మరొక కొరత కూడా ఉన్నది. ఆ మందు బాక్టీరియాను చంపుతుందని వారికి తెలుసు. ఎలా చంపుతుందో తెలియదు. మనిషి నెత్తురులో అంత మందు ప్రవహిస్తున్నా మనిషి కణాలకు ఏ హానీ జరగక, బాక్టీరియా మాత్రమే ఎందుకు నశిస్తున్నదో అసలే తెలియదు. ఈ ప్రశ్నకు మొదటి సమాధానం 1965లో గాని దొరకలేదు. ఆ సమాధానంలో లోపించిన ఒక ముఖ్యభాగం ఈ శతాబ్దంలో, మన హైదరాబాదులో పూరింపబడింది.

సమాధానమంతా ఒక గోడలో ఉన్నది.

బాక్టీరియం అంటే, స్థూలంగా చెప్పాలంటే, చిక్కటి ద్రవంతో నిండిన ఒక పలుచని పొరసంచి. లోపల లవణాలు, చక్కెరలు, ప్రొటీనులు కిక్కిరిసి ఉంటాయి. అందువల్ల బయటి నీరు నిరంతరం లోపలికి చొరబడడానికి చూస్తుంది. నానవేసిన ఎండుద్రాక్ష ఉబ్బినట్లు ఆ సంచి ఉబ్బుతుంది. చీముకు కారణమయ్యే స్టెఫిలోకాకస్ కణంలో ఈ ఒత్తిడి సుమారు 20 వాతావరణ పీడనాలని లెక్కవేశారు. కారు టైరులో మనం కొట్టించే గాలి రెండింటికి కాస్త అటూ ఇటూ. కంటికి కనిపించని సంచి, టైరుకు పదిరెట్ల ఒత్తిడి! పలుచని పొర ఒక్కటే దీనిని ఆపలేదు. ఆపేది దాని చుట్టూ అల్లిన గోడ. జీవశాస్త్రంలో దీనిని కణకవచం అంటారు.

గోడ అన్నంతమాత్రాన రాయి, ఇటుక గుర్తుకు రాకూడదు. అది వల. రెండు రకాల చక్కెర అణువులు ఒకదాని తరువాత ఒకటిగా కూర్చిన పొడుగాటి గొలుసులు దాని పోగులు. ప్రతి రెండవ చక్కెర నుంచి అమైనో ఆమ్లాల చిన్న కుచ్చు ఒకటి వేలాడుతుంది. పక్కపక్క పోగుల కుచ్చులను ఒకదానితో ఒకటి ముడివేస్తే వల అవుతుంది. దీని శాస్త్రీయ నామం పెప్టిడోగ్లైకాన్. గోడ అని అర్థమిచ్చే లాటిన్ మాటనుంచి మ్యూరీన్ అనీ పిలుస్తారు. 1964లో జర్మన్ శాస్త్రజ్ఞులు వైడెల్, పెల్జర్ ఒక విశేషం చెప్పారు: ఈ పోగులూ ముడులూ అన్నీ రసాయన బంధాలే కనుక, బాక్టీరియాను చుట్టి ఉన్న సంచి మొత్తం ఒకే ఒక్క అణువు. తలుపు లేదు, అతుకు లేదు, చివర లేదు.

ఇక్కడే చిక్కు వచ్చిపడింది. మన పేగులలో నివసించే ఈ-కోలై అనే బాక్టీరియం అనుకూల పరిస్థితులలో 20 నిమిషాలకొకసారి రెండవుతుంది. రెండు కావాలంటే ముందు రెట్టింపు పొడుగు పెరగాలి. లోపల అంత ఒత్తిడి ఉండగా, చుట్టూ అతుకులేని వల ఉండగా, ఆ వలను పెద్దదిగా చేయడమెలా? కొత్త పోగు చేర్చాలంటే ఎక్కడో పాత ముడి ఒకటి కోయక తప్పదు. కోస్తే పగిలిపోయే ప్రమాదం. కోయకపోతే పెరుగుదల లేదు. బాక్టీరియా ఈ పనిని ప్రతి నిమిషమూ చేస్తూనే ఉన్నది, బ్రతుకుతూనే ఉన్నది. చేసేవి ఎంజైములు. కొన్ని కట్టేవి, కొన్ని కోసేవి.

ఈ రెంటిలో కోసే ఎంజైమే మానవునికి ముందు పట్టుబడింది. పట్టుకొన్నవాడు అలెగ్జాండర్ ఫ్లెమింగ్. 1921లో, లండనులోని సెయింట్ మేరీ ఆసుపత్రిలో ఆయన జలుబుతో బాధపడుతూ తన ముక్కు చీమిడినే బాక్టీరియా పెంచిన గాజుపళ్ళెం మీద వేసి చూశాడు. బాక్టీరియా కరిగిపోయింది. కన్నీళ్ళలోనూ, కోడిగుడ్డు తెల్లసొనలోనూ అదే పదార్థం దొరికింది. కన్నీళ్ళకోసం తోటివారి కళ్ళలో నిమ్మరసం పిండించాడని ఆ ప్రయోగశాలలో చెప్పుకొనేవారు. దానికి లైసోజైమ్ అని పేరు పెట్టాడు. వలలోని చక్కెర పోగులను అది తెంపుతుంది. మన కంటికి రెప్పతోపాటు ప్రకృతి ఇచ్చిన కావలి ఇది.

ఏడేళ్ళ తరువాత, 1928లో, అదే ఫ్లెమింగ్ పళ్ళెంలో ఎగిరివచ్చి పడిన బూజు చుట్టూ బాక్టీరియా మాయమవడం గమనించాడు. అది పెనిసిలిన్. కోసే కత్తెరనూ, కట్టే చేతికి శత్రువునూ ఒకే మనిషి కనిపెట్టాడు. రెండూ ఒకే గోడకు సంబంధించినవని తెలియడానికి మాత్రం మరొక తరం పట్టింది.

జాడలు ముందునుంచీ కనబడుతూనే ఉన్నాయి. 1940లోనే ఆక్స్‌ఫర్డ్‌లో గార్డ్‌నర్ అనే శాస్త్రజ్ఞుడు సూక్ష్మదర్శినిలో ఒక వింత చూశాడు. చావుకు చాలనంత కొద్దిపాటి పెనిసిలిన్ తగిలిన బాక్టీరియా విడిపోవడం మానివేసి, దారాలుగా సాగిపోతున్నది, కొన్ని ఉబ్బిపోతున్నాయి. 1946లో ఎడింబరోలో డ్యుగిడ్, ఇది గోడ కట్టుకోలేని స్థితి కావచ్చునని ఊహించాడు. ఊహకు ఆధారం 1949లో అమెరికాలో దొరికింది. జేమ్స్ పార్క్ అనే యువకుడు పెనిసిలిన్ తగిలిన స్టెఫిలోకాకస్ కణాలలో ఒక విచిత్రమైన పదార్థం కుప్పలుగా పేరుకొని ఉండడం గమనించాడు. అందులో ఒక అపరిచిత చక్కెర, కొన్ని అమైనో ఆమ్లాలు ఉన్నాయి. ఆ పదార్థం ఏమిటో, ఎందుకు పేరుకొన్నదో కొన్నేళ్ళదాకా తెలియలేదు.

1957లో పార్క్, జాక్ స్ట్రామింగర్ కలిసి ఆ ముడి విప్పారు. కుప్పలోని అమైనో ఆమ్లాల పాళ్ళూ, గోడలోని అమైనో ఆమ్లాల పాళ్ళూ ఒక్కటే. అంటే ఆ కుప్ప మరేమీ కాదు, గోడకు సిద్ధం చేసిన ఇటుకలు. ఇల్లు కట్టేచోట ఇటుకబండ్లు వస్తూనే ఉండి, తాపీపని ఆగిపోతే ఇటుకలు వీధిలో పేరుకొన్నట్లున్నది ఈ వ్యవహారం. పెనిసిలిన్ ఇటుకల తయారీని ఆపడంలేదు, కట్టడాన్ని ఆపుతున్నది. అంతకు ముందటి సంవత్సరమే జాషువా లెడర్‌బర్గ్ మరొక దారిని ఇదే సంగతి చూపాడు. బయట చిక్కటి చక్కెర ద్రావణం ఉంచి లోపలి ఒత్తిడికి సరితూగేటట్లు చేస్తే, పెనిసిలిన్ ఉన్నా ఈ-కోలై చావలేదు. కడ్డీ ఆకారం పోగొట్టుకొని గుండ్రటి బుడగలై తేలింది. మందు తొలగిస్తే మళ్ళీ గోడ కట్టుకొని కడ్డీలైంది. పెనిసిలిన్ విషం కాదు. గోడలేని వాడిని నీరే చంపుతున్నది.

మనిషి కణాలకు ఇటువంటి గోడ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో వైద్యులను ఆశ్చర్యపరచిన వింతకు సమాధానం ఇంతే.

ఇక కట్టే పని ఎలా జరుగుతుందో కొంచెం తీరికగా చూడవలసిందే; జీవరసాయనంలో ఇంత పొందికైన పనితనం అరుదు.

ఇటుక తయారీ కణం లోపల మొదలవుతుంది. మర్-ఏ నుంచి మర్-ఎఫ్ వరకు పేర్లున్న ఆరు ఎంజైములు వరుసగా నిలబడి, ఒకదాని చేతినుంచి మరొకటి అందుకొంటూ, ఒక చక్కెరను మార్చి, దానికి అమైనో ఆమ్లాల కుచ్చు తగిలిస్తాయి. వరుసలో మొదటిదాన్ని ఫాస్ఫోమైసిన్ అనే మందు కట్టిపడేస్తుంది. మూత్రనాళాల జబ్బులలో దానిని వాడుతున్నారు. కుచ్చు చివర ఉండేది అలనిన్ అనే అమైనో ఆమ్లపు జంట. ఇక్కడ ఒక విశేషం ఉన్నది. మనిషి మొదలు మర్రిచెట్టు వరకు ప్రాణులన్నీ ప్రొటీనులను కట్టేది ఎడమచేతివాటపు అమైనో ఆమ్లాలతోనే. బాక్టీరియా గోడలో ఈ అలనిన్ జంట కుడిచేతివాటానిది. అద్దంలోని ప్రతిబింబం వంటిది. ప్రొటీనులను జీర్ణించుకొనే మామూలు ఎంజైములకు ఈ కుడివాటం బంధాలు కొరుకుడుపడవు. క్షయరోగానికి వాడే సైక్లోసెరిన్ అనే మందు ఈ కుడివాటపు అలనిన్ తయారీనీ, దాని జత కూర్చడాన్నీ అడ్డగిస్తుంది.

తయారైన ఇటుకను పొర దాటించి బయటికి చేర్చాలి. చక్కెరకు నీటితో చెలిమి. పొర కొవ్వుతో చేసినది. అందుకని 55 కార్బన్ పరమాణువుల పొడుగున్న ఒక కొవ్వు తోకకు ఇటుకను తగిలించి, మర్-జె అనే ప్రొటీను దానిని పొరకు ఆవలివైపుకు తిప్పుతుంది. బరువు దించి ఖాళీ తోక మళ్ళీ లోపలికి వస్తుంది. పుండ్ల మీద రాసే లేపనాలలో ఉండే బాసిట్రాసిన్, ఖాళీ బండిని తిరిగి రానీయకుండా దారిలో ఆపుతుంది.

బయటికి వచ్చిన ఇటుకను ఒక ఎంజైము పోగుకు చేరుస్తుంది. తరువాత ముడివేయాలి. ముడివేయడానికి శక్తి కావాలి. కణం లోపల శక్తినిచ్చే పదార్థం ఒక్క చుక్క అయినా బయట లేదు. మరి ఎలా? తపాలా శాఖవారు పూర్వం అమ్మిన జవాబు కార్డు కొందరు పాఠకులకు గుర్తుండవచ్చు. జవాబుకు కావలసిన తపాలా ఖర్చు పంపేవాడే ముందుగా కట్టివేసేవాడు. బాక్టీరియా చేసేది అదే. ఇటుక చివర అలనిన్ ఒకటి చాలు. రెండు పెట్టి పంపుతుంది. రెండవది గోడకోసం కాదు, ఖర్చుకోసం. ముడివేసే ఎంజైము ఆ చివరి అలనిన్‌ను విరిచి పారవేస్తుంది. విరిచిన బంధంలోని శక్తి ఎక్కడికీ పోకుండా ఎంజైమే క్షణకాలం ఆ కుచ్చును తన చేతికి కట్టుకొని, పక్క పోగు కుచ్చు అందగానే దానికి అంటగట్టి, తన చేయి విడిపించుకొంటుంది. ముడి పడింది. చేయి ఖాళీ అయింది.

ఆ క్షణకాలపు కట్టే పెనిసిలిన్‌కు దొరికిన సందు.

1965లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ టిప్పర్, స్ట్రామింగర్ పెనిసిలిన్ అణువు ఆకారాన్నీ, కుడివాటపు అలనిన్ జంట ఆకారాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చారు. పెనిసిలిన్ ఆకారం ఇరవై ఏళ్ళ క్రితమే డరతీ హాడ్జ్‌కిన్ ఎక్స్-కిరణాల సాయంతో తేల్చియుంచింది. రెండూ కవలల వలె ఉన్నాయి. ఎంజైము పెనిసిలిన్‌ను చూసి అలనిన్ జంట అనుకొని చేయి చాపుతుంది. పెనిసిలిన్ నడిమధ్యన నాలుగు పరమాణువుల బిగుతైన వలయం ఒకటి ఉన్నది; అది ఉచ్చు. ఎంజైము తాకగానే వలయం తెరుచుకొని దాని చేతిని పట్టుకొంటుంది. అసలు ఇటుక అయితే చివరి ముక్క విరిగి దూరంగా పోయేది, చేయి మరొక కుచ్చుకు అందేది. ఇక్కడ ఏదీ విడిపోదు. చేయి ఊడిరాదు. ఆ ఎంజైముకు అంతటితో పని సరి.

పదేళ్ళ తరువాత, 1975లో, బ్రిటనులో బ్రయన్ స్ప్రాట్ రేడియోధార్మిక పెనిసిలిన్‌తో ఇటువంటి చేతులు ఎన్ని ఉన్నవో లెక్కపెట్టాడు. ఒకటి కాదు, చాలా ఉన్నాయి; ఈ-కోలైలో పన్నెండింటిదాకా తేలాయి. ఒకటి ఆగితే కణం పగులుతుంది. ఇంకొకటి ఆగితే కడ్డీ గుండ్రనవుతుంది. మరొకటి ఆగితే నడుమ అడ్డుగోడ లేవక దారంలా సాగుతుంది. 1940లో గార్డ్‌నర్ చూసిన దారాలకు అర్థం అప్పటికి బోధపడింది. ఈ లెక్క కూడా పూర్తిది కాదు. ఎప్పటినుంచో పేరు తెలిసిన రాడ్-ఏ అనే ప్రొటీను, పోగులల్లే పనిలో ప్రధానమైనదని 2016లో గాని రుజువు కాలేదు. పెనిసిలిన్‌కు అది చిక్కదు.

కట్టే చేతుల మీద గురి కుదిరింది కదా అని వైద్యప్రపంచం సంతోషించేలోగానే బాక్టీరియా జవాబులు చెప్పసాగింది. మొదటి జవాబు, నిజానికి, అలెగ్జాండర్‌కు మందు ఎక్కించక ముందే వచ్చింది. 1940 డిసెంబరులో ఏబ్రహాం, చెయిన్ అనే ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు పెనిసిలిన్‌ను నాశనం చేసే ఒక ఎంజైమును బాక్టీరియాలో కనుగొని ప్రకటించారు. అది ఉచ్చును దూరంనుంచే తెరిచి పారవేస్తుంది. దానికి లొంగని మెథిసిలిన్‌ను తయారుచేశారు. రెండేళ్ళు తిరగకుండా, 1961లో, లండనులో దానికీ చావని స్టెఫిలోకాకస్ బయటపడింది. ఈసారి ఎత్తు వేరు. మందును నాశనం చేయలేదు. మందుకు చేయి చాపని మరొక ఎంజైమును సంపాదించుకొన్నది.

మూడవ జవాబు మరీ నేర్పరితనం. బోర్నియో అడవుల మట్టినుంచి తీసిన వాంకోమైసిన్ ఎంజైము జోలికి పోదు. ఇటుక చివరి అలనిన్ జంటనే గుప్పిట పట్టి, ముడివేసే ఎంజైముకు అందనీయదు. 1958లో వాడుకలోకి వచ్చిన ఆ మందు దాదాపు ముప్పై ఏళ్ళు అండగా నిలిచింది. 1980ల చివర ఐరోపా ఆసుపత్రులలో ఎంటెరోకాకస్ అనే బాక్టీరియా దానికి లొంగడం మానివేసింది. పరీక్షించి చూస్తే చివరి అలనిన్ స్థానంలో లాక్టిక్ ఆమ్లాన్ని పెట్టుకొన్నదని తేలింది. మందుకూ ఇటుకకూ మధ్య అయిదు హైడ్రోజన్ బంధాలుండేవి. ఈ మార్పుతో ఒకటి పోయింది. దానితో మందు పట్టు వెయ్యో వంతుకు పడిపోయింది. గోడకు మాత్రం ఏ లోటూ లేదు. ఎటూ ఆ చివరి ముక్క విరిచి పారవేసేదే కదా!

మన దేశం పేరు ఈ చరిత్రలో ఎవరూ కోరుకోని విధంగా చేరింది. న్యూఢిల్లీలో చికిత్స పొంది స్వీడనుకు వెళ్ళిన రోగిలో 2008లో దొరికిన క్లెబ్సియెల్లా బాక్టీరియాలో, పెనిసిలిన్ కుటుంబంలో చివరి ఆయుధాలైన కార్బపెనెములను కూడా విరిచివేసే ఎంజైము కనబడింది. దానికి న్యూఢిల్లీ పేరు పెట్టారు. 2010లో ఆ పేరు మీద మన దేశంలో పెద్ద దుమారం లేచింది. పేరు న్యాయమో అన్యాయమో కాని, ఎంజైము నిజం. మందులకు లొంగని బాక్టీరియా వల్లనే 2019లో ప్రపంచమంతటా సుమారు 12 లక్షల 70 వేలమంది మరణించారని 2022లో వెలువడిన అంచనా తెలియజేస్తున్నది. వారు అలెగ్జాండర్ వంటివారే. ఆయనకు మందు చాలలేదు. వీరిలో ఎందరికో మందు ఉన్నా పని చేయలేదు.

ఇంతవరకు చెప్పిన మందులన్నీ కట్టే పనిని అడ్డగించేవే. మరి కోసే కత్తెరల మాటేమిటి?

వాటి ప్రాముఖ్యం 1970లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో కొంత బయటపడింది. అలెగ్జాండర్ టోమాస్, ఆయన సహచరులు నిమోనియా కలిగించే బాక్టీరియాలో గోడను కోసే ఎంజైమును అణచివేసి, పెనిసిలిన్ ఇచ్చారు. బాక్టీరియా పెరగడం ఆగింది. కాని పగలలేదు. అంటే పెనిసిలిన్ చేసేది కట్టడం ఆపడం మాత్రమే. చివరకు గోడను కూల్చేది బాక్టీరియా సొంత కత్తెరలు. కంచె చేను మేసినట్లన్నమాట. 2014లో అమెరికన్ శాస్త్రజ్ఞులు దీనికి మరొక మెలిక జోడించారు. పెనిసిలిన్ వర్గపు మందు తగిలిన ఈ-కోలై పోగులు అల్లుతూనే ఉంటుంది, ముడులు పడక వాటిని వెంటనే కోసివేస్తూనే ఉంటుంది; అల్లినదంతా కోతకే పోయి, ఉన్న శక్తి హరించుకొని పోతుంది.

చంపడంలో కత్తెరల పాత్ర ఇది. బ్రతకడంలో వాటి పాత్ర? పాత ముడి కోయనిదే కొత్త పోగు చేరదని వైడెల్, పెల్జర్ కాలంనుంచీ అందరూ తర్కంతో ఒప్పుకొన్నదే. ఈ-కోలైలో కోసే ఎంజైములు డజన్లకొద్దీ దొరికాయి కూడా. అయితే ఏది తీసివేసినా బాక్టీరియా చావదు. పెరుగుదలకు దారి చేసే అసలు కత్తెర ఏది?

హైదరాబాదులో ఉప్పల్ రోడ్డు మీద, సీసీఎంబీ అని అందరూ పిలిచే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఉన్నది. అక్కడ డాక్టర్ మంజులా రెడ్డి, ఆమె సహచరులు 2012లో దీనికి సమాధానం ప్రకటించారు. అసలు కత్తెర ఒకటి కాదు, మూడు. వాటిలో ఏ ఒక్కటి ఉన్నా పని నడుస్తుంది కనుకనే ఒక్కొక్కటిగా తీసి చూసినవారికి ఏమీ కనిపించలేదు. ముగ్గురు అన్నదమ్ములున్న ఇంట్లో ఒకడు ఊరికి వెళితే పొలం పని ఆగనట్లు. రెండు తీసివేస్తే బాక్టీరియా నీరసించింది. మూడవదానిని తాము కోరినప్పుడు ఆపగలిగేటట్లు ఏర్పాటు చేసుకొని, దానినీ ఆపారు. గోడలోకి కొత్త పదార్థం చేరడం త్వరత్వరగా తగ్గిపోయింది. కణాలు పగిలిపోయాయి.

ఈ ఫలితంలో గమనించవలసినది ఒకటున్నది. కోసే చేయి ఆగితే గోడ దిట్టమవుతుందనీ, బాక్టీరియా మరింత భద్రంగా ఉంటుందనీ మామూలు బుద్ధికి తోస్తుంది. జరిగినది దానికి తలక్రిందులు. కట్టే చేతులన్నీ క్షేమంగా ఉన్నాయి, అయినా కట్టడం సాగలేదు. కత్తెర ముందు నడిచి సందు చేస్తేనే పోగు లోపలికి వస్తుంది. మెప్-ఎస్, మెప్-ఎం, మెప్-హెచ్ అని ఈ మూడింటికీ నేడు పేర్లు. కుచ్చుల మధ్య అడ్డుముడిని మాత్రమే ఇవి కోస్తాయి, పోగులను తాకవు. ఫ్లెమింగ్ కన్నీళ్ళలో చూసిన లైసోజైమ్ పోగులను తెంపి చంపుతుంది. ఇవి ముడిని విప్పి పెంచుతాయి. కోతలో కూడా ఇంత తేడా ఉన్నది.

2019వ సంవత్సరపు ఇన్ఫోసిస్ బహుమతి జీవశాస్త్ర విభాగంలో మంజులా రెడ్డికి లభించింది. బహుమతి వార్త పత్రికలలో వచ్చింది. పని వివరం పత్రికలలో అంతగా రాలేదు. ఆ పని 2012తో ఆగలేదు. ఇంత ప్రమాదకరమైన కత్తెరను బాక్టీరియా ఎలా అదుపులో పెట్టుకొంటుందన్న ప్రశ్న వెంటనే వస్తుంది. మెప్-ఎస్ విషయంలో 2015లో ఆ బృందమే చెప్పిన సమాధానం సూటిగా ఉన్నది: పుట్టించి, వాడుకొని, నిమిషాలలో చంపివేస్తుంది. నిల్-పి-ఐ అనే ప్రొటీను కత్తెరను పట్టి తెస్తుంది. ప్రర్క్ అనే మరొక ఎంజైము దానిని ముక్కలు చేస్తుంది. కణం చురుకుగా పెరిగే వేళలో ఒక కత్తెర ఆయుర్దాయం కొద్ది నిమిషాలే.

ఆ భక్షకుడు లేకపోతే ఏమవుతుందో కూడా తెలిసింది. ప్రర్క్ లేని ఈ-కోలైలో మెప్-ఎస్ పేరుకొనిపోతుంది. ఉప్పు పాలు తగ్గించిన వేడి ద్రవంలో, అంటే నీరు బలంగా లోపలికి తోసుకొని వచ్చే పరిస్థితిలో, అటువంటి కణాలు పెరగలేవు. అందులోనే మెప్-ఎస్‌ను కూడా తీసివేస్తే మళ్ళీ పెరుగుతాయి. కత్తెర లేకపోయినా చావే, ఎక్కువైనా ఇబ్బందే.

ఆ ఇరుకు దారిలోనే ఈ-కోలై తరం వెంట తరం నడుస్తున్నది. ఒక్కొక్క తరంలో పాత గోడలో దాదాపు సగం విప్పి, ఆ ముక్కలను లోపలికి తీసుకొని, మళ్ళీ ఇటుకలుగా వాడుకొంటుంది. పెనిసిలిన్‌తో చిక్కిపోయే చేతుల మీద ఎనభై ఏళ్ళుగా మందుల మీద మందులు వచ్చాయి. ఈ కత్తెరలను గురిపెట్టిన మందు ఏదీ ఇంకా వైద్యుని చేతికి అందలేదు.